లోతు గడియారానికి చిటికెడు కుంకుమ

ఆ ఉదయం శ్యామ్ పథకం సులువైనదే. సరుకులు పరీక్షించి, వాటికి ప్రకటనలు చేసే తమ ఆఫీసుకు పదిన్నరకు గడియారాల కంపెనీ నుంచి వచ్చే వాసంతికి వాళ్ల డైవింగ్ వాచీ ప్రకటన వివరించి, ఒప్పించాలి. ఆమె ఒప్పుకుంటే శ్యామ్ ఉద్యోగం పర్మనెంట్. లేకపోతే ఆరు నెలల ప్రొబేషన్‌తో సరి.

నమూనా వాచీ ముందురోజే ఇచ్చారు. కొత్తగూడ ట్రాఫిక్‌ను తలచుకుని, దాని పక్కనున్న బొడిపె మర విప్పి, టైం పది నిమిషాలు ముందుకు జరిపి, అలాగే బల్లమీద పెట్టి స్నానానికి వెళ్లాడు. వచ్చేసరికి తల్లి పద్మావతి ఆ బొడిపె కింది సందులోనే తడి కుంకుమ అద్దేసింది.

"అమ్మా, అది ఆఫీసుది!"

"ఎవరిదైతే ఏమప్పా, కొత్తది కదా! బొట్టు లేకుండా ఎట్ల కట్టుకుంటావు?"

పైపైన తుడిచి మర బిగించాడు. గరగరలాడింది. కొత్త సరుకు అంతేలే అనుకున్నాడు.

"మేడమ్, టైం మార్చే ఈ బొడిపె క్రౌన్. నీళ్లు దూరగలిగే దారీ ఇదే. దీనికి దెబ్బ తగలకుండా రెండు పక్కలా ఈ లోహపు భుజాలు," అంటూ పదిన్నరకు మీటింగు గదిలో శ్యామ్, వాసంతి ముందు వాచీని బల్ల అంచుకు టంగుమని కొట్టాడు. చెక్కుచెదరలేదు. మేనేజరు రామబ్రహ్మం మురిసిపోయాడు. ఆ ఊపులో శ్యామ్ వాచీ పట్టుకున్న చేతిని, నీళ్లు నింపి పెట్టిన గాజు గిన్నెలో మణికట్టుదాకా ముంచాడు.

నీళ్లు ఎర్రబడ్డాయి.

"అయ్యో, సారు చెయ్యి కోసుకున్నడు!" కాఫీ తెచ్చిన కొమురమ్మ అరిచింది. రక్తమంటే పడని రామబ్రహ్మం కుర్చీతో సహా వెనక్కి వాలిపోయాడు.

"రక్తం కాదు, కుంకుమ!"

"మీటింగుల కుంకుమ ఏంది సారూ? గిదేమన్న పూజనా?" అంటూనే కొమురమ్మ చేతికందిన ఆ నీళ్లే మేనేజరు మొహాన కొట్టింది. అరుపు విని తలుపు తోసిన సెక్యూరిటీ రాములుకు మొదట కనిపించింది ఆ ఎర్రటి మొహమే.

"సార్‌ను ఎవరు కొట్టిండ్రు?" అని ఫైర్ అలారం నొక్కాడు. నాలుగు నిమిషాల్లో ఆరు అంతస్తులు రోడ్డున పడ్డాయి.

గదిలో రామబ్రహ్మం లేచి కూర్చున్నాడు. వాసంతి మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. వాచీ అద్దం లోపల ఆవిరి, ఆగిన ముల్లు చూసింది.

"కుంకుమ ఎవరు పెట్టారండీ?"

పని మనిషి మీదకో, దుకాణం మీదకో నెట్టేయవచ్చు. శ్యామ్ అలా చేయలేదు. "మా అమ్మండీ. మరలో కుంకుమ ఉండగా బిగించింది నేను. తప్పు నాదే."

"భుజాలు దెబ్బను ఆపాయి. మరలో చెత్త ఇరుక్కుంటే అవేం చేస్తాయి?" అంది వాసంతి. "ఇసుకతో, ఉప్పునీళ్లతో, బురదతో పరీక్షించాం. ఇక్కడ అమ్ముతూ కుంకుమనే మరిచాం. మా వాచీల పరీక్ష పని ఇతనికే ఇవ్వండి రామబ్రహ్మంగారూ."

మొహం తుడుచుకుంటూ రామబ్రహ్మం తలూపాడు.

శ్యామ్ ఉద్యోగం ఆ సాయంత్రమే పర్మనెంట్ అయింది, కాకపోతే వస్తువుల గొప్ప చెప్పే విభాగంలో కాదు, వాటిని పాడుచేసి చూసే విభాగంలో.