గోలీల పోగులు

ఆ ఆదివారం పొద్దున పోశవ్వ పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, భర్త హనుమండ్లుకు విటమిన్ గోలీ మింగించడం. రెండు, మేకపోతు మాంసంలో తమ పోగు ఇంటికి తెచ్చుకోవడం. ఈ రెండూ వేటికవి ఉండి ఉంటే, బెల్లంపల్లిలోని ఆ గని క్వార్టర్ల వరుసలో మతి ఉన్నవాళ్లకు కూడా మతి పోయేది కాదు.

హనుమండ్లు ఏళ్ల తరబడి బొగ్గు తవ్వి రిటైరైన మనిషి. భూమి లోపల చీకట్లో ఏనాడూ దారి తప్పనివాడు, ఇప్పుడు భూమి మీద పట్టపగలు తప్పుతున్నాడు. మొన్న అంగడిలో పోశవ్వే అనుకుని వేరే ఎవరో ఆమె సంచి అందుకుని, ఆమె వెంటే నడిచి, ఆమె ఇంట్లో కుర్చీలో కూర్చుని "ఛాయ్ పెట్టవే" అన్నాడు. ఆ ఇంటాయన మంచివాడు కాబట్టి ఛాయ్ ఇచ్చి పంపాడు. పోశవ్వకు మాత్రం ఆ రోజు అన్నం సయించలేదు.

"ఇయ్యాల సంచి మరిచిండు, రేపు నన్ను మరుస్తడు బిడ్డా," అని కోడలు సృజన దగ్గర కొంగుతో కళ్లొత్తుకుంది.

అందుకే కరీంనగర్ నుంచి డాక్టర్ మమతారాణి వచ్చి, విటమిన్లు మతిమరుపు ముదరకుండా ఆపుతాయో లేదో పరీక్షిస్తున్నామనగానే, భర్త చేయి పట్టుకుని అందరికంటే ముందు పోశవ్వే నిలబడింది. పక్కింటి భూమన్న, ఎదురింటి సారక్క, ఇంకొందరు పెద్దలూ చేరారు. తలా ఒక నంబరు డబ్బా ఇచ్చారు.

"ఎవరి డబ్బాలవి వాళ్లే వేసుకోవాలె. నెల తిరిగినంక వచ్చి చూస్త. తేడా కనబడితే పరీక్షల నుంచి తీసేస్త," అంది డాక్టర్.

పోశవ్వకు మాత్రలు మాత్రమే వినిపించాయి. షరతు మాత్రం వినిపించలేదు. అప్పుడామె గుమ్మం దాటిపోతున్న భర్తను వెనక్కి లాక్కొచ్చే పనిలో ఉంది.

ఇక ఆదివారం సంగతి. ఆ వరుసలో నాలుగిళ్లవాళ్లు కలిసి మేకను కొని, కోసి, మోదుగాకుల మీద పోగులేసి పంచుకోవడం వాడుక. పోగులేసేది ఎప్పుడూ హనుమండ్లే. పేర్లు మరిచాడు గానీ పోగులు మరవలేదు. ప్రతి ఆకులో ఒక బొక్క, ఒక కార్జం ముక్క, ఇంత మెత్తటిది, ఇంత కొవ్వు. తరాజు తెచ్చి తూచినా తేడా రాదు.

పోగులు పడుతుండగా సృజన గిన్నె పట్టుకుని వచ్చి మెల్లగా అంది. "అత్తమ్మా, గా డబ్బాలల్ల సగం ఉత్తయేనట."

"ఉత్తయంటే?"

"పైకి అన్ని ఒక్కతీర్గనే పచ్చగుంటయి. సగం మందికి విటమిన్, సగం మందికి ఉత్త పిండి. ఎవలకేది పడ్డదో చెప్పరట. డాక్టరమ్మ గా రోజే చెప్పింది, నువ్వు మామను పట్టుకునుడుల ఉంటివి."

పోశవ్వ నోరు తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ఈగ ఒకటి లోపలికి పోదామా వద్దా అని కాసేపు ఆలోచించి, వెనక్కి మళ్లింది.

"ఏందీ! మా ఆయిన నోట్ల పిండి గొట్టి, భూమన్న నోట్ల విటమిన్ పోస్తున్రా?"

భూమన్న అదిరిపడ్డాడు. "నాకే పిండి పడ్డట్టుంది వదినా! నిన్న కండ్లద్దాలు పెట్టుకోని కండ్లద్దాలు దేవులాడిన!"

"అట్ల పోల్చి చూస్తెనే గద అత్తమ్మా, మందు పనిచేస్తదో లేదో ఎరుకయ్యేది," అంది సృజన.

"వాళ్లు పోల్చుకునుడు తర్వాత ముచ్చట. మా ఆయిన నన్ను పోల్చుకోకుంటే ఎట్ల?"

పోశవ్వ చూపు పోగుల మీద పడింది. అక్కడే పడి ఉంటే బాగుండేది. లేచి గోలీల డబ్బా మీద పడింది.

"ఒక్కనికే బొక్కలన్ని ఏసి, ఇంకొక్కనికే కార్జమంత ఏస్తమా? ఎయ్యం గద. మరి గోలీలకు ఏం రోగం? అన్ని ఒక్క తాన పోసి పోగులెయ్యుండ్రి. అందరికి సగం ఉత్తయి, సగం మంచియి వస్తయి. ఎవల పాణం ఉసూరుమనది."

న్యాయం ఇంత సులువుగా దొరికినందుకు వరుసంతా ఆశ్చర్యపోయింది. డబ్బాలు వచ్చాయి. ఇత్తడి తాంబాళంలో గోలీలు గలగలా రాలాయి. హనుమండ్లు చేతులు కడుక్కుని, రెండు చేతులా కలియబెట్టి, అదే శ్రద్ధతో పోగులేశాడు. పోగొట్టుకున్న మతిని పోగులేసి తిరిగి పోగుచేసుకునే ఏర్పాటు ప్రపంచంలో మరెక్కడా జరిగి ఉండదు.

అయితే పోగంటూ పడ్డాక పొత్తులో లేనివాళ్లూ ఆకు పట్టుకుని వస్తారు. యాదికుండే గోలీలట అన్న మాట వీధి దాటింది. కొలతలు మరిచి మగవాళ్ల చొక్కాకు మూడో చేయి కుట్టబోయిన దర్జీ నాగయ్య కొన్ని పట్టుకుపోయాడు. సారక్క మెట్‌పల్లి నుంచి వచ్చిన అల్లుడికి గుప్పెడు కాగితంలో చుట్టి ఇచ్చింది. అంతా చదివిన సృజన, అంతా తెలిసిన సృజన, గ్రూప్ టూ పరీక్ష తేదీ ప్రకటించగానే రోజూ పొద్దున ఒకటి మింగడం మొదలుపెట్టింది.

"నీకెందుకే?" అంది పోశవ్వ.

"రాజ్యాంగం యాదికుంటలేదు అత్తమ్మా."

నెల తిరిగింది. ఒక పొద్దున సృజన ఫోన్ మోగింది. అవతల డాక్టర్ మమతారాణి. "అరగంటల వస్తున్న. అందరి డబ్బాలు తయారు పెట్టుండ్రి. ఎన్ని మిగిలినయో లెక్క చూస్త."

తయారు పెట్టడానికి డబ్బాలున్నాయి. డబ్బాల్లో ఉండాల్సినవి ఊళ్లో వాళ్ల కడుపుల్లో ఉన్నాయి. తేడా కనబడితే తీసేస్తానన్న మాట ఇప్పుడు, నెల ఆలస్యంగా, పోశవ్వ చెవిలో ఖంగుమంది. తీసేస్తే ఈ మనిషికి దిక్కేది? రేపు మళ్లీ ఎవరి ఇంట్లో ఛాయ్ అడుగుతాడు?

"పరేషాన్ కాకు వదినా," అన్నాడు భూమన్న. "పచ్చటి గుండ్రటి బిళ్లలే గద కావలసింది!"

దుకాణానికి ఉరికి, నిమ్మ బిళ్లల సీసా పట్టుకొచ్చాడు. ఆదరాబాదరా అన్ని డబ్బాలూ నింపేశారు.

డాక్టర్ వచ్చింది. కుర్చీ వేశారు. ఆమె హనుమండ్లు డబ్బా మూత తిప్పింది. ముందు ఒక చీమ బయటికి వచ్చింది. వెనుక దాని బంధువర్గం మొత్తం బయలుదేరింది. డాక్టర్ ఒక బిళ్ల తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నిమ్మకాయ వాసన!

"విటమిన్ గోలీలకు చీమలు పడతయా?"

"బలం గోలీలు గద మేడం, చీమలకు భీ బలం గావాలె," అన్నాడు భూమన్న. అన్నాక తానే తల దించుకున్నాడు.

"అసలు ఏం జరిగింది?"

"యాదికి లేదు మేడం," అన్నాడు భూమన్న.

"నాకు భీ లేదు," అంది సారక్క.

"నాకసలే ఏం యాదికుండదు," అన్నాడు, పరీక్షలో పేరే లేని దర్జీ నాగయ్య.

డాక్టర్ సృజన వైపు తిరిగింది. రాజ్యాంగమంతా తలకెక్కించుకుంటున్న సృజన నేల చూపులు చూసింది. "యాదికి వస్తలేదు మేడం."

వరుసలో ఒక్కరికీ ఏదీ గుర్తు లేదు. ఇంత పెద్ద మతిమరుపును ఒకేచోట డాక్టర్ తన చదువులో ఎక్కడా చూసి ఉండదు. అప్పుడు మూలన కూర్చున్న హనుమండ్లు గొంతు సవరించుకున్నాడు.

"నేను చెప్త మేడం. ఐతారం మేకను గోసినం. నేను పోగులేసిన. గటెన్క గోలీలన్ని తాంబాళంల పోసిండ్రు. గవి భీ నేనే పోగులేసిన. ఒకటి తక్కువొచ్చిందని భూమన్న లొల్లి వెట్టిండు. సారక్క అల్లునికి గుప్పెడు గట్టిచ్చింది. నా కోడలు పరీక్ష ఉన్నదని రోజు మింగింది. ఇయ్యాల నువ్వు వస్తున్నవని నిమ్మ బిళ్లలు నింపిండ్రు."

చీమలు కూడా ఆగినట్టనిపించింది.

"ఈ ఆలోచన ఎవరిది?" అంది డాక్టర్.

"ఇంకెవలిది?" హనుమండ్లు వేలు సూటిగా చాపాడు. "గీమెది. పోశవ్వ. నా పెండ్లాం."

పట్టుబడినందుకు ఏడవాలో, గుర్తుపట్టినందుకు నవ్వాలో పోశవ్వకు తెలియలేదు. రెండూ ఒకేసారి చేసింది. "చూసిన్రా! విటమిన్ పనిచేసింది మేడం!"

డాక్టర్ తల పట్టుకుంది. "ఏం విటమిన్ అవ్వా? ఈ నెల అన్ని డబ్బాలల్ల ఉన్నయి ఉత్తయే. సరిగ్గ వేసుకుంటరా లేదా అని చూసే నెల ఇది. విటమిన్ వచ్చే నెల నుంచి, అదీ సగం మందికే."

సృజన ముందుకొచ్చింది. "అంటే నేను నెలంత పిండి తిని చదివిన్నా?"

"మరి మా ఆయినకు ఎట్ల యాదికొచ్చింది?" అంది పోశవ్వ.

"కొన్ని రోజులు మంచిగుంటయి, కొన్ని రోజులు ఉండయి. నలుగురిల కూసోని చేతికి పని దొరికితే మనిషి జర తేరుకుంటడు కావచ్చు. రేపెట్లుంటదో నేను చెప్పలేను." డాక్టర్ లేచింది. "ఈ నెల లెక్కల రాదు. పెద్దసార్లతోని మాట్లాడి మళ్ల మొదటికెల్లి పెడత. ఈసారి గోలీ నర్సు ముంగట మింగాలె. ఇంకోసారి పోగులేసిన్రో, అందరిని తీసేస్త!"

పోశవ్వ భర్త తల మీద చేయిపెట్టి ఒట్టేసింది. అంతకంటే విలువైనది ఆ ఇంట్లో ఏదీ లేదు.

మరుసటి ఆదివారం హనుమండ్లు మాంసం పోగులు పూర్తిచేసి, చేతులు కడుక్కుని, భార్యను పేరుపెట్టి పిలిచాడు. "పోశవ్వా, గోలీల తాంబాళం ఏదే? గవి పోగులెయ్యాలె గద?"

పోశవ్వ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తనకేమీ యాదికి లేదంది.