నిమ్మకాయ తొక్కిన ఇంపాలా

విశ్వకర్మ పూజనాటి ఉదయం సూర్యప్రకాష్ వేసుకున్న పథకం చాలా సులువైనది. ఏడింటికి స్నానం, ఎనిమిదింటికి టిఫిను, తొమ్మిదింటికి కారును చెప్పుల పెట్టెలో దూది మధ్య పెట్టుకుని స్కూటరు మీద జంషెడ్‌పూర్ బిర్సానగర్ నుంచి ఆదిత్యపూర్ ఫ్యాక్టరీకి వెళ్లడం. కారంటే జానెడు కారు. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులు వేసి చేసిన యాభై తొమ్మిది మోడల్ అమెరికా బండి ఇంపాలా.

దానికి నాలుగు నెలలు పట్టింది. ఆకాశనీలం రంగు మూడు పూతలు వేశాడు. వెనక రెక్కల్లా లేచిన అంచున వెండిగీత గీసేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టాడు. నిన్న సాయంత్రం మెరుపు కోసం వార్నిష్ పట్టించి ముందుగదిలో బల్ల మీద పెట్టాడు. సెప్టెంబరు చెమ్మకి అదింకా జిగటగానే ఉంది. తొమ్మిదింటిదాకా ఎవరూ ముట్టుకోకపోతే ఆరిపోతుంది.

అది అతని సరదా కోసం చేసిన కారు కాదు. అతను పనిచేసే స్ప్రింగుల ఫ్యాక్టరీ యజమాని సీతారామరావు చేయించిన కారు. సీతారామరావు తండ్రి ముసలయ్య ఒకప్పుడు ఒక పెద్ద సాహెబు దగ్గర ఇంపాలా నడిపాడు. "మా నాన్న ముప్పై ఏళ్లు నడిపినాడు, బండి మీద ఒక్క గీత పడనేదు" అని ప్రతి సోమవారం సేఫ్టీ మీటింగులో సీతారామరావు చెప్తాడు. పోయిన నెల సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్టుతో గేటు మీద గీత పెట్టిన డ్రైవరు ఇప్పుడా ఫ్యాక్టరీలో లేడు. ఇవాళ పూజలో అందరి ముందూ ఆ బొమ్మకారును తండ్రి చేతికివ్వాలని ఆయన ఆశ. దానికి అద్దాల పెట్టె, ఇత్తడి పలక కూడా సిద్ధం చేయించాడు.

సూర్యప్రకాష్ అక్కడ పెయింటింగు సెక్షన్లో అయిదేళ్లుగా కాంట్రాక్టు మనిషి. అతన్ని పర్మినెంటు చేసే కాగితం సీతారామరావు బల్ల మీదే ఉంది. "పూజ అవనీ. బండి సూసినాక సంతకం ఎడతాను" అన్నాడాయన. అప్పటినుంచి సూర్యప్రకాష్‌కి ఆ కారును చూస్తే ముచ్చట కన్నా భయమే ఎక్కువ వేస్తోంది.

టిఫిను తిని చేయి కడుక్కుని ముందుగదిలోకి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. వరండాలో అతని తల్లి సన్యాసమ్మ పూజ ముగించి హారతి పళ్లెం దించుతోంది. స్కూటరు, పక్కన సైకిలు, దాని పక్కన కుట్టుమిషను, కత్తిపీట, చివర ఇంపాలా. అన్నిటికీ పసుపు, అన్నిటికీ కుంకుమ.

"అమ్మా! దీనికెందుకు బొట్టెట్టినావు?"

"బండి కాదేటి? ఇశ్వకర్మ పూజ నాడు బొట్టు నేకుండా రోడ్డెక్కిత్తావేటి? నిమ్మకాయ కూడా తొక్కించేసినాను" అంది సన్యాసమ్మ, పని తప్పకుండా చేసిన తృప్తితో.

నిమ్మకాయ చక్రం కన్నా పెద్దది. ఆవిడ అప్పటికే కారు ముందు ఎడమ చక్రాన్ని దానిమీద ఎక్కించి, అరచేత్తో గట్టిగా అదిమింది. నిమ్మకాయకి ఏమీ కాలేదు. ఇరుసు విరిగి చక్రం పక్కకి వాలింది. ఇంజను మీది మూత పైన కుంకుమ తడి వార్నిష్‌లో దిగబడిపోయింది. సూర్యప్రకాష్ గడప మీద కూలబడ్డాడు.

భార్య శైలజ పరుగున వచ్చింది. జంషెడ్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. కంగారు పడితే సగం హిందీ.

"అరే, టెన్షన్ మత్ లీజియే, కంగారు పడకండి. నెయిల్ పాలిష్ తుడిచే మందుంది నా దగ్గిర. ఒక్క చుక్క చాలు, బస్."

ఏ థిన్నరు దేన్ని తినేస్తుందో అయిదేళ్లుగా తెలిసిన మనిషి భయంలో ఆ సంగతే మర్చిపోయాడు. దూదితో ఒక్కసారి రుద్దాడు. కుంకుమ పోలేదు. దాని చుట్టూ రంగు పోయింది, రంగు కింద ప్లాస్టిక్ మెత్తబడింది. గట్టిపడుతుందేమోనని శైలజ జుట్టు ఆరబెట్టుకునే మిషను పెట్టింది. ఆ వేడికి మూత ఎడమవైపు మెల్లగా లోపలికి కుంగి, జానెడు కారులో బొటనవేలంత సొట్టయింది.

తొమ్మిదింపావు. సూర్యప్రకాష్‌కి ఫోర్క్‌లిఫ్టు డ్రైవరు కళ్లముందు మెదిలాడు.

"ఒక్కరోజు దొరికితే మళ్లీ మూత చేసేద్దును" అన్నాడు ఏడుపు గొంతుతో.

ఆ మాట వినడమే ఆలస్యం, శైలజ అతని ఫోను తీసుకుని సీతారామరావుకి చేసేసింది. "సార్, ఆయనకి రాత్రినుంచీ జొరం. లేవలేకపోతన్నారు. కారు రేపు తెచ్చేత్తారు."

అటువైపు సీతారామరావు "డెంగ్యూ రోజులమ్మా, అశ్రద్ధ సెయ్యకండి. నాను నాన్నని తీసుకుని పూజకే బయల్దేరినాను. అటే వత్తన్నా. కారూ తీసుకుంటాను, అతన్ని ఆసుపత్రిలో కూడా సూపిద్దారి" అన్నాడు. మంచి యజమాని. ఆ సమయంలో సూర్యప్రకాష్‌కి చెడ్డ యజమాని అయితే బాగుండుననిపించింది.

పావుగంటలో వీధిలో హారను వినిపించింది. సూర్యప్రకాష్ మంచమెక్కి ఉన్ని దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. కారు ఎక్కడ దాచాలో తోచక దాన్నీ దుప్పట్లోకే లాక్కున్నాడు. ఈ జ్వరం నాటకం సన్యాసమ్మకి ఎవరూ చెప్పలేదు. కొడుకు దుప్పట్లో వణుకుతుంటే చూసి ఆవిడ గొల్లుమంది.

"ఇప్పటిదాకా బాగానే ఉన్నాడు బాబూ! నాలుగు ఇడ్లీలు తిన్నాడు! కారుకి నాను బొట్టెట్టినాకే ఇలగయిపోనాడు!"

సీతారామరావు లోపలికొచ్చి నుదుటి మీద చేయి పెట్టాడు. ఉన్ని దుప్పటి, ఉక్కపోత, భయం, మూడూ కలిసి ఒళ్లు నిజంగానే కాలిపోతోంది.

"అమ్మో! పట్టండి, బండెక్కిద్దారి" అంటూ ఆయన దుప్పటి లాగేశాడు.

సూర్యప్రకాష్ పొట్ట మీద ఇంపాలా ఉంది. చక్రం వాలి, మూత సొట్టపోయి, కుంకుమ ఎర్రగా మెరుస్తూ, పైకప్పు నిండా ఉన్ని నూగుతో ఉంది.

సీతారామరావు ముఖం చూసిన సూర్యప్రకాష్‌కి, అయిదేళ్ల ఉద్యోగం ఆ క్షణంలోనే గేటు దాటి వెళ్లిపోయినట్టు అనిపించింది. కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు వెనకనుంచి ముసలయ్య కర్ర ఊతంతో ముందుకొచ్చాడు. ఎనభయ్యారేళ్ల మనిషి. కారు చేతిలోకి తీసుకుని సొట్ట తడిమాడు, చక్రం తడిమాడు, కుంకుమ దగ్గర వేలు ఆపాడు.

"సీతారాం, నువ్వు బైటికెళ్లు. అందరూ ఎళ్లండి" అన్నాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. ముసలయ్య తలుపువైపు చూసి, మంచం మీదికి వంగి గుసగుసగా అడిగాడు.

"నీకెవులు సెప్పినారు?"

"ఏటి తాతగారూ?"

"ఏటీ ఎరగనట్టు మాటాడకు. ఆవేళా ఇశ్వకర్మ పూజే. సాయేబు కలకత్తాలో ఉన్నాడు. బొట్టెట్టినాను, నిమ్మకాయెట్టినాను. తొక్కిద్దారని బండి కదిపితే, అది నిమ్మకాయ మీద ఆగనేదు, కాంపౌండు గోడ మీదికెళ్లిపోనాది. ఇదే సొట్ట, ఇదే సక్రం. సాయేబు వచ్చే లోపల సాక్చి బజార్లో ఒక మేస్త్రీ బాగుసేసినాడు. ఆ మేస్త్రీ నీకేటవుతాడు?"

సూర్యప్రకాష్ నోరు తెరిచాడు. "తాతగారూ, అది మా అమ్మ..."

"మీ అమ్మకీ తెలుసా!" ముసలయ్య మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయాడు. "యాభై ఏళ్లు దాసుకున్నాను నాయినా. మావోడు పెతీ సోమవారం నా పేరు సెప్పి మనుషుల్ని బెదిరిత్తన్నాడు. వాడికి తెలిత్తే నా మొకం ఎక్కడెట్టుకోను? సెప్పు, నీకేటి కావాలి?"

అసలు సంగతి చెప్పేయాలని సూర్యప్రకాష్‌కి ఉంది. కానీ భయంతో చేతులు మాత్రం జోడించాడు. ఆ దండం కొడుకు బల్ల మీదున్న కాగితం కోసమేననుకున్నాడు ముసలయ్య. గట్టిగా కొడుకుని పిలిచాడు.

"సీతారాం! ఇతన్ని పర్మినెంటు సెయ్యి. ఇయ్యాలే."

"నాన్నా, బండి సూడు, పాడైపోయి..."

"పాడేటి? అచ్చం నా బండే" అన్నాడు ముసలయ్య, కొడుకు కళ్లలోకి మాత్రం చూడకుండా.

మధ్యాహ్నం పూజ అయ్యాక సంతకం పడింది. సన్యాసమ్మ అదంతా నిమ్మకాయ మహిమేనని వీధంతా చెప్పింది. ఫోర్క్‌లిఫ్టు డ్రైవరుని కూడా వెనక్కి పిలవమని ముసలయ్య పట్టుబట్టాడు. ఎందుకో సీతారామరావుకి ఇప్పటికీ తెలియదు.

ఫ్యాక్టరీ ఆఫీసులో ఇంపాలా అద్దాల పెట్టెలో ఉంది. ఇత్తడి పలక మీద "ముప్పై ఏళ్లు, ఒక్క గీత లేదు" అనే ఉంది. ముసలయ్య కోరిక మీద కారు ఎడమవైపు మాత్రం గోడకి తిప్పి పెట్టారు.