ముక్కుకి ఒక స్క్రూ ఎక్కువ

సినిమా వస్తువులకి తప్పుడు నకళ్ళు చేసి అమ్మే కంపెనీలకి మనం ఇంతవరకూ సరైన సన్మానం చెయ్యలేదు. శాలువా కప్పలేదు, దండ వెయ్యలేదు. పైగా తిడుతున్నాం! ఇంత విశ్వాసఘాతుకం ఎక్కడైనా ఉందా?

కాస్త ఆలోచించండి. నకలు అచ్చం అసలులాగే వచ్చిందనుకోండి. ఏం చేస్తాం? పెట్టె విప్పుతాం, "ఆహా" అంటాం, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తాం. అంతటితో సరి! ఇక మాట్లాడుకోవడానికి ఏముంటుంది? ఎవరికి ఫోన్ చేస్తాం? ఎవడి మీద పళ్ళు నూరుతాం? అదే ఎక్కడో ఒక గీత తక్కువైతే, రంగు ఒక పిసరు ముదిరితే, మనిషికి ఆరు నెలలకి సరిపడా పని దొరుకుతుంది. మోకాళ్ళ నొప్పులు మాయమవుతాయి. పెళ్ళాంతో తగాదాకి తీరిక ఉండదు. ముప్ఫయ్యేళ్ళుగా ముఖం చూడని బావమరిదికి కూడా ఫోన్ చేసి "చూశావా ఈ అన్యాయం?" అంటాడు. చెడిపోయిన బంధుత్వాలు కలపడానికి ఇంతకంటే మంచి మందు ఏ డాక్టరైనా రాశాడా?

ఇవేవో గాలి కబుర్లు అనుకోకండి. బ్రోకెన్ హిల్ అనే మా ఊరి ఖచ్చిత నకళ్ళ సంఘానికి పన్నెండేళ్ళుగా సెక్రటరీని నేను. ప్రతి నెలా మొదటి గురువారం సాయంత్రం, పచ్చికలో బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్ వెనకగదిలో కూర్చుంటాం. చీజ్ తురుము, క్యారట్ తురుము కలిపి రొట్టెల్లో కూరుకుని తింటూ, ఒక వస్తువు గురించి మాట్లాడుకుంటాం. ఒకే ఒక్క వస్తువు. దాని పేరు ముక్కు.

'ఆరో బావి' అని 1983లో మా ఊరి ఎర్రమట్టిలో తీసిన సినిమా ఒకటుంది. లోకంలో వానలు ఆగిపోతాయి. హీరో చేతిలో ఒక యంత్రం పట్టుకుని భూమిలో నీళ్ళెక్కడున్నాయో వాసన పడుతూ తిరుగుతాడు. ఆ యంత్రమే ముక్కు. సైకిల్ పంపుకి ముందు టీ వడకట్టే జాలీ అతికించి, వెనక పాత కారు లైటు తగిలించి, పక్కన ఒక స్విచ్ పెడితే ముక్కు. షూటింగ్ అయ్యాక అసలు ముక్కు ఏమైందో ఎవరికీ తెలీదు. చెత్తబుట్టలో పోయుంటుంది. అది బతికున్న రోజుల్లో దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. పోయాక మాత్రం మేం పదకొండు మందిమి ఉన్నాం!

మాలో పెద్ద తలకాయ లిండ్సే హాకింగ్. గనిలో సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. పాతికేళ్ళ కిందట ఇంటిగోడ మీదున్న సినిమా పోస్టరు చూసి, కొలతలు లెక్కకట్టి, తన చేత్తో ఒక ముక్కు చేశాడు. సినిమాలో చూడొచ్చు కదా అంటారేమో. సినిమా అంతా ఆ స్విచ్ హీరో వేళ్ళ కిందే ఉంటుంది. పోస్టర్లో మాత్రం ముక్కుని రెండు అరచేతుల్లో ప్రసాదంలా పట్టుకున్నాడు కాబట్టి అన్నీ కనిపిస్తాయి. స్విచ్ ఎడమవైపు. అందుకని మా నియమావళిలో మొదటి వాక్యం ఇది: లిండ్సే ముక్కే ప్రమాణం. ఎవరు కొత్త నకలు తెచ్చినా లిండ్సే జేబులోంచి వెర్నియర్ తీసి కొలిచి తీర్పు చెబుతాడు. దానికి అప్పీలు లేదు.

మా నియమనిష్ఠలకి ఒక ఉదాహరణ చెబితే మీకూ ఆనందంగా ఉంటుంది. తొమ్మిదేళ్ళ కిందట నెవిల్ ట్రెంబాత్ అనే సభ్యుడు, లిండ్సేకి బడి రోజుల నుంచీ స్నేహితుడు, ఐస్‌క్రీం డబ్బాలో పెట్టుకుని తన ముక్కు తెచ్చాడు. స్విచ్ కుడివైపు!

"తప్పు," అన్నాడు లిండ్సే, వెర్నియర్ బయటికి తియ్యకుండానే.

"తప్పు కాదు గురూ. ఆ షూటింగ్‌కి నీళ్ళ ట్యాంకరు తోలింది నేనే కదా! వస్తువులు చూసుకునే అమ్మాయి తీగ అతికిస్తూ కాసేపు పట్టుకోమని నా చేతికిచ్చింది. కుడిచేత్తో పట్టుకుంటే స్విచ్ నా చూపుడువేలికి తగిలింది."

"నీ చూపుడువేలు వచ్చి సాక్ష్యం చెబుతుందా? పోస్టరు చెబుతుంది."

"ఓరి నాయనా, నేను చేత్తో పట్టుకున్నానయ్యా!"

"పట్టుకున్నానని ఎవడైనా అంటాడు."

ఓటింగ్ పెట్టాం. పదకొండు చేతులు లేచాయి. నెవిల్ నకలు చెల్లదు, వాదన మానుకునేవరకూ నెవిల్ కూడా చెల్లడు అని తీర్మానించాం. అతను డబ్బాకి మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు. అసలు వస్తువుని చేత్తో ముట్టుకున్న ఏకైక మనిషిని పోస్టరు చూసి బయటికి పంపిన సంఘం మరొకటి ఉంటే చూపించండి! ప్రమాణాలంటే ఇలా ఉండాలి.

ఈ ఏడాది మా జన్మ ధన్యమైంది. ఒక కంపెనీ, పేరు చెప్పి దానికి పేరు తేవడం నాకిష్టం లేదు, 'ఆరో బావి' ముక్కుకి నకలు చేసి అమ్మకానికి పెట్టింది. పెట్టె మీద బంగారు రంగులో "అసలు వస్తువు నుంచి నేరుగా కొలిచినది" అని రాసుంది. గురువారం నాడు పదకొండు పెట్టెలూ ఒకేసారి విప్పాం. లిండ్సే వెర్నియర్ పట్టుకున్నాడు. గదిలో నమిలే చప్పుడు కూడా ఆగింది.

పంపు సరిగ్గా ఉంది. జాలీలో చిల్లులు సరిగ్గా ఉన్నాయి. స్విచ్ ఎడమవైపే ఉంది. లిండ్సే ముఖంలో చిన్న చిరాకు కనిపించింది. మనిషి తిట్టడానికి ఇంటి దగ్గర సాధన చేసి వచ్చాడు, పాపం! అప్పుడు ముక్కుని బోర్లా తిప్పాడు.

"ఇదేంటిది?"

అడుగున ఒక స్క్రూ. లావుపాటి ఇత్తడి స్క్రూ.

లైబ్రరీలో పనిచేసి రిటైరైన డాఫ్నీ కళ్ళజోడు సవరించుకుంది. "స్క్రూ," అంది.

"స్క్రూ అని నాకు కనపడుతోందమ్మా! ఎందుకుంది? సినిమాలో ఎక్కడుంది? పోస్టర్లో ఎక్కడుంది?"

"ఏమో! తొందరపడి ఒకటి ఎక్కువ బిగించారేమో."

"ఎక్కువ బిగించడమేంటి డాఫ్నీ! ఇది గుర్రబ్బండి కాదు, ముక్కు!"

ఆహా, ఆ రోజు మా గదిలో పొంగిన జీవకళని ఏమని వర్ణించను! కర్ర లేకుండా నడవలేని మనిషి కుర్చీ ఎక్కి మాట్లాడాడు. చెవిటి మిషన్ పెట్టుకున్నాయన దాన్ని తీసేసి మరీ అరిచాడు. ఇంటర్నెట్లో ప్రపంచంలోని ముక్కు అభిమానులందరూ ఏకమయ్యారు. మాటామంతీ లేని దేశాలవాళ్ళు కూడా ఒకరినొకరు "సోదరా" అని పిలుచుకున్నారు. ఒక స్క్రూ ఈ పని చేసింది! ఇంక అలాంటి కంపెనీకి గుడి కట్టొద్దా?

స్క్రూ తప్పని రుజువు చెయ్యడానికి లిండ్సే తన సొంత ముక్కు ఫొటోలు తియ్యాలనుకున్నాడు. అది ఇంట్లో లేదు. హైవే మీద రోడ్‌హౌస్‌లో, మాంసం కూరిన పైలు వేడిచేసే పెట్టె పక్కన అద్దాల అరలో ఉంది. ఊరికి వచ్చేపోయేవాళ్ళు చూస్తారని ఎప్పుడో ఇచ్చాడు. కారేసుకుని వెళ్ళి, అర తెరిచి, ముక్కుని ఎత్తబోయాడు. అది లేవలేదు.

"లాగకు, లాగకు! ఊడిపోతుంది," అని అరిచింది హోటలామె. "స్క్రూ కొట్టాను. ఆమధ్య ఎవరో కుర్రకారు దాన్ని సంచిలో వేసుకోబోయారు."

లిండ్సే వంగి అర కిందనుంచి చూశాడు. లావుపాటి ఇత్తడి స్క్రూ.

"దీన్ని ఎవరైనా కొలిచారా?" అన్నాడు వంగే ఉండి.

"ఏదో కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. మంచాయన. రోజంతా ఫొటోలు తీసి మూడు పైలు తిన్నాడు. ఇది అసలుదేనా అని అడిగితే, అక్కడ చీటీ మీద రాసుంది కదా అన్నాను."

చీటీ మీద 'ఆరో బావి సినిమాలోని ముక్కు' అని రాసుంది. నకలు అన్న మాట లేదు. ఆ చీటీ రాసింది లిండ్సేనే. ఆ మాట చేరిస్తే అందం తగ్గుతుందని అప్పట్లో అనుకున్నాడట.

సిగ్గుపడ్డాడనుకుంటున్నారా? మనిషి గాల్లో తేలుతూ ఇల్లు చేరాడు! ప్రపంచంలో అమ్ముడైన ప్రతి ముక్కూ తన చేతి పనే. గోడ మీది పోస్టరు దింపి, వంటింటి బల్ల మీద పరిచి, కుట్టుపని చేసుకుంటున్న భార్య కోరల్‌ని పిలిచాడు.

"ఇటు చూడు కోరల్! ఈ ఒక్క బొమ్మ చూసి నేను చేసింది ఇవాళ లోకమంతా అసలుదనుకుంటోంది!"

కోరల్ నలభై ఏళ్ళు బట్టల షాపులో చొక్కాలు సరిచేసిన మనిషి. సూది నోట్లోంచి తీసి చూసింది. ఆవిడ ముక్కుని చూడలేదు.

"వీడి చొక్కా గుండీలు ఎడమవైపున్నాయేంటి?"

"అంటే?"

"మగాళ్ళ చొక్కాకి గుండీలు కుడివైపుంటాయి. ఇది ఆడవాళ్ళ చొక్కా అయినా అయ్యుండాలి, బొమ్మ తిరగేసి అచ్చేసైనా ఉండాలి."

"భవిష్యత్తులో జరిగే కథ కదా," అన్నాడు లిండ్సే నీరసంగా. "అప్పటికి మారిపోయుంటాయేమో."

"గుండీలు మారొచ్చు. జేబు కూడా మారిందా? కుడివైపుకెళ్ళింది చూడు. అద్దంలో పెట్టి చూసుకో, అన్నీ తిన్నగా వస్తాయి."

అద్దం తెచ్చి చూశాడు. గుండీలు కుడివైపుకి వచ్చాయి. జేబు గుండె మీదికి వచ్చింది. స్విచ్ కూడా కుడివైపుకి వచ్చింది.

రెండు రోజులు అతనికి ముద్ద దిగలేదు. తన ముక్కు తప్పయినందుకు కాదు. ఆ బాధ మొదటి గంటలోనే పోయిందని నాతో అన్నాడు. అద్దంలో స్విచ్‌ని చూసిన క్షణం నుంచీ నెవిల్ ఐస్‌క్రీం డబ్బాకి మూత పెట్టుకోవడమే కళ్ళ ముందు ఆడుతోందట. నిజం చెబితే పాతికేళ్ళుగా ఉన్న పెద్దరికం ఒక్క పూటలో పోతుంది. చెప్పకపోతే ఎవరికీ ఎప్పటికీ తెలీదు. కోరల్ నోరు తెరిచి ఎవరికీ చెప్పదు. శనివారం పొద్దున్నే నా గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వు కూడా రా, సెక్రటరీ. ఒక్కణ్ణే వెళితే సగం దారిలోంచి తిరిగొచ్చేస్తాను."

వెళ్ళాం. నెవిల్ ఇంటి కప్పెక్కి ఎయిర్ కూలర్ మెత్తలు మారుస్తున్నాడు. మమ్మల్ని చూసి మెల్లగా నిచ్చెన దిగాడు. తల బాగా నెరిసింది.

"ఏంటి, ఇద్దరూ కట్టకట్టుకుని వచ్చారు? ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. నెవ్, నీ స్విచ్ కరెక్టు. పోస్టరు తిరగేసి అచ్చేశారు, వెధవలు."

"పోస్టరువాళ్ళా వెధవలు?"

లిండ్సే తల అడ్డంగా ఊపాడు. "కాదు. నేనే వెధవని. నువ్వు చేత్తో పట్టుకున్నానంటే కాగితం చూపించాను. తప్పయిపోయింది, నెవ్."

"సర్లే," అన్నాడు నెవిల్. "లోపలికి రండి, టీ పెడతాను."

"టీ తర్వాత. ముందు నీ ముక్కు తీసుకురా. భూమ్మీద సరైన ముక్కు అదొక్కటే! నీ పేరు పెట్టి ఫొటోలు కంపెనీకి పంపిస్తాను. గురువారం అందరి ముందూ నేనే చెబుతాను."

నెవిల్ చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. తర్వాత లోపలికెళ్ళి డబ్బా తెచ్చాడు. లిండ్సే మూత తీశాడు.

స్విచ్ ఎడమవైపుంది.

కుడివైపున ఒక చిల్లుని పూడ్చి, నున్నగా రుద్ది, రంగేసిన మచ్చ ఉంది. చాలా శ్రద్ధగా చేసిన పని.

"ఇదేంటి?" అన్నాడు లిండ్సే.

"మీరు చెల్లదన్న రెండు వారాలకే మార్చేశాను. ఎవరైనా రమ్మంటే పట్టుకొద్దామని."

"మార్చావా? నువ్వు పట్టుకుని చూశావు! నీకు తెలుసు!"

"తెలిస్తే ఏం చేసుకోను గురూ? స్విచ్ ఎటుంటే నాకేంటి? నాకు గురువారాలు కావాలి."

లిండ్సే ఆ డబ్బా పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. వెర్నియర్ జేబులోనే ఉంది.

పాఠకులారా, తప్పుడు నకళ్ళ మీద నా అభిప్రాయం ఏమీ మారలేదు, అది వరమే. ఆ స్క్రూ గురించి కంపెనీకి ఒక్క నెలలో పదిహేడు ఉత్తరాలు రాశాను, ప్రతి దానికీ వాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు. సభ్యులకి ఫోన్ చేసి మీటింగుకి రమ్మనడం మా సంఘంలో సెక్రటరీ పని. నెవిల్ ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. తొమ్మిదేళ్ళలో అతనికి నేను ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు.