పిలకపై త్రిసభ్య కమిటీ

కొలతల కార్యాలయం డైరెక్టరు గారూ, ఆయన సూపరింటెండెంటు గారూ, డైరెక్టరు గారి బావమరిది గారూ! ఒక మొక్క ప్రాణం కాపాడామని ముగ్గురూ కలిసి గోడకు ఫోటో తగిలించుకున్నారు. పచ్చి అబద్ధం. ఆ మొక్కను చంపడానికి మీరు చేయని ప్రయత్నం లేదు. అది బతికిందంటే మీ చేతకానితనం పుణ్యమే. ఎలాగో ఇక్కడ రాస్తున్నాను, చదువుకోండి.

ఆ కార్యాలయంలో కుండీలకు నీళ్లు పోసి, బల్లలు తుడిచే మనిషిని అందరూ నీళ్లక్క అంటారు. పదకొండేళ్లుగా ఆమె తాత్కాలికం. ఆర్నెల్లకోసారి ఆమె ఉద్యోగం కాగితం మీద పోతుంది, మర్నాడు కాగితం మీదే మళ్లీ పుడుతుంది. ఆమెను పర్మనెంటు చేయాలన్న ఫైలు సూపరింటెండెంటు బల్ల మీద ఉంది. దాని మీది దుమ్ము కూడా ఆమే దులుపుతుంది.

డైరెక్టరు గదిలో కిటికీ పక్కన ఒక ఆర్కిడ్ ఉంది. దాని ముందు ఇత్తడి రేకు మీద "డెండ్రోబియం, అత్యంత అరుదు" అని చెక్కించారు. లోపలికి వచ్చినవాడు ఎవడైనా దాని ముందు ఒక నిమిషం చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ తర్వాతే పని సంగతి.

ఒకరోజు నీళ్లక్క ఉండబట్టలేక నోరు విప్పింది.

"సార్, ఇది డెండ్రోబియం కాదండి. దానికైతే చెరుకు గడలా కణుపులుంటాయి. దీనికి గడేదీ? మొదట్లో దళసరి ఆకులు నాలుగు, ఒంగిన కాడ, కాడకి సీతాకోకల్లాంటి పూలు. దీన్ని సీతాకోక ఆర్కిడ్ అంటారు. మా వీధి చివర నర్సరీలో వరసలు వరసలు పెట్టారు."

డైరెక్టరు కళ్లజోడు తీశారు. "నువ్వు పర్మనెంటా?"

"కాదండి."

"జాతుల గురించి మాట్లాడాలంటే పర్మనెంటు అయ్యుండాలి."

ఆ నెలలోనే, పూలు రాలిన కాడ మీద, కణుపు దగ్గర, రెండు బుల్లి ఆకులు తొంగిచూశాయి. నీళ్లక్క సంబరం పట్టలేక వరండాలో సూపరింటెండెంటుకు చెప్పింది.

"సార్, డైరెక్టరు గారి గదిలో పిలక వచ్చిందండి."

"అది రోజూ వచ్చేదేగా," అన్నాడాయన విసుగ్గా.

ఆయన్ని అనడానికి లేదు. డైరెక్టరు గారి బావమరిది జుట్టంతా నడినెత్తిన పోగేసి పిలక కట్టుకుంటాడు. ఏ పరీక్షా రాయకుండా మూడు వారాల్లో పర్మనెంటయిన ఘనుడతను. రోజుకు పదిసార్లు ఆ గదిలోకి వెళ్లి వస్తుంటాడు.

"ఆ పిలక కాదు సార్. మొక్కకి. పిల్ల మొక్క."

సంగతి తెలిసి డైరెక్టరు కుర్చీలోంచి లేచారు. అరుదైన జాతి ఆయన సమక్షంలో పిల్లను పెట్టింది! నాలుగు నెలల్లో కమిషనరు తనిఖీకి వస్తున్నారు. పదోన్నతి ఆయన చేతిలో ఉంది.

"ఇప్పుడే కోసి వేరే కుండీలో పెట్టండి. కమిషనరు గారికి కానుక. ఇదిగో నీళ్లక్కా, అది చచ్చిందో, నీ ఫైలు కూడా దాంతోనే పోతుంది."

బావమరిది అప్పటికే కత్తెర ఆడిస్తున్నాడు.

"వేరు రానిదే వేరు చెయ్యకూడదు సార్," అంది నీళ్లక్క.

"ఏమంటోంది బావా?"

"మూడు వేళ్లన్నా రావాలి బాబూ."

బావమరిది తన అరచెయ్యి చూసుకున్నాడు. "ఐదున్నాయిగా."

"మీకు కాదు బాబూ, పిలకకి. ఒక్కోటీ మీ బొటనవేలంతన్నా సాగాలి. ఇప్పుడు కోస్తే వారం తిరక్కుండా వాడిపోద్ది."

అతను వినలేదు, కత్తెర కాడ దగ్గర పెట్టాడు. పదకొండేళ్ల ఆఫీసు చదువు నీళ్లక్కకు అప్పుడు అక్కరకొచ్చింది. తల వంచుకుని వినయంగా అంది.

"కోయండి బాబూ. చస్తే ఎవరు కోశారని రాస్తారో అదొక్కటి చెప్పండి చాలు."

కత్తెర బావమరిది జేబులోకి దానంతటదే వెళ్లిపోయింది. డైరెక్టరు గొంతు సవరించుకున్నారు.

"కమిటీ వేద్దాం."

వేశారు. సభ్యులు డైరెక్టరు, సూపరింటెండెంటు, బావమరిది. మొదటి సమావేశంలో దీన్ని పిల్ల అనాలా, పిలక అనాలా అని చర్చించారు. రెండోదానిలో ముందస్తు అనుమతి లేకుండా పిల్లను పెట్టిన తల్లిమొక్కను సంజాయిషీ అడగాలా అని చర్చించారు. మూడోదానిలో ఒక తీర్మానం రాశారు: "వేరు చేయుటకు వేరు లేనందున, వేరు మార్గము వెదకుటకు వేరుగా సమావేశము కావలెను." ముగ్గురూ సంతకాలు చేశారు. అర్థం మాత్రం ఒక్కరికీ కాలేదు.

ఈలోగా నీళ్లక్క తన పని తాను చేసుకుపోయింది. పిలక మొదట్లో తడినాచు చుట్టింది. పొద్దున్నే మంచులా నీళ్లు చల్లింది. ఆకుల నడుమ నిలిచిన చుక్కను గుడ్డతో అద్దింది, నిలిస్తే కుళ్లుతుంది గనుక. ఎండ ముదిరితే పల్చటి తెర లాగింది. బావమరిది "బలానికి" అంటూ మిగిలిన టీ పోసినప్పుడల్లా కుండీ కడిగింది. నాలుగు నెలలకు మూడు వేళ్లు వెండిరంగులో దిగాయి. కమిటీ నాలుగోసారి కూర్చునేలోపే బ్లేడు మంటకు చూపి, కాడముక్కతో సహా కోసి, బెరడు ముక్కల్లో నాటేసింది.

కమిషనరు వచ్చారు. రేకు చదివి ఒక నిమిషం నిలబడ్డారు.

"మా ఇంట్లో ఇలాంటివి ఆరున్నాయి. ఇంత అరుదని నాకు తెలీదే. పిల్ల మొక్కను ఎవరు పెంచారు?"

"త్రిసభ్య కమిటీ సార్," అన్నారు డైరెక్టరు. నీళ్లక్క అక్కడే టీకప్పులు తీస్తోంది.

ఫోటో తీశారు. కమిషనరు నిజాయితీపరుడు, కానుక ముట్టలేదు. ఆఫీసు ఆస్తిగా రాసుకోమన్నారు. ఆ మధ్యాహ్నమే రిజిస్టరులోకి ఎక్కింది: "పిలక, ఒకటి. వయసు నాలుగు నెలలు. శాశ్వతం." దాని వెనకే మరో కాగితం నీళ్లక్క చేతికొచ్చింది: "మొక్క స్వయముగా వేరూనినందున, తాత్కాలిక సిబ్బంది అవసరము తీరినది."

ఆమె రెండుసార్లు చదువుకుని సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లింది.

"సార్, నాలుగు నెలల పిలకని పర్మనెంటు చేశారు. నావి పదకొండేళ్లు."

ఆయన జాలిపడ్డాడు. "దానికి వేరొచ్చిందమ్మా. నీకేదీ?"

"నాకూ వస్తూనే ఉంది సార్. మీరే ఆర్నెల్లకోసారి పీకేస్తున్నారు."

నీళ్ల డబ్బా ఆయన బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది.

ఇవాళ్టికి ఆరు రోజులు. బావమరిది రోజూ మూడు చెంబులు గుమ్మరిస్తున్నాడు. పిలకకు ఒక ఆకు పసుపెక్కింది. పసుపుపై కొత్త కమిటీ వేస్తారట.

వేయకండి. ఆ ఫైలు తీయండి, సంతకం చేయండి. నీళ్లక్కను పదకొండేళ్ల సర్వీసుతో సహా పర్మనెంటు చేసి, ఆ ఉత్తర్వు డైరెక్టరు గారే ఆమె ఇంటికి పట్టుకెళ్లి ఇవ్వాలి. రేపు కాదు, ఈ పూటే.