టికెట్ల కిటికీలో ఊదా పెట్టె

ఇటలీలోని విచెంజాలో కంప్యూటర్లు బిగించి అమ్మే ఒత్తోరీనో జనెల్లాకు ఆ శనివారం పొద్దున ఒకటే పని. ఊరి నాటకశాల టికెట్ల కిటికీలో కంప్యూటరు పెట్టి రావాలి. సాయంత్రం మొదటి ఆట దాకా అది సరిగ్గా పనిచేస్తే జిల్లాలోని పదకొండు నాటకశాలలూ అతని దగ్గరే కొంటాయి. లేకపోతే ఆగస్టు సెలవులకు మూసే షెడ్డును మళ్ళీ తెరవాల్సిన పని ఉండదు.

"మీగడరంగు మూత ఇంకా తడారలేదన్నయ్యా. మధ్యాహ్నం దాకా ఆగు," అంది చెల్లెలు ఫియమ్మెత్తా. కంప్యూటరు పెట్టెల రూపురేఖలన్నీ ఆమె చేతిమీదే నడుస్తాయి.

"లోపల మెదడుండాలి గానీ, పైన సున్నమేస్తే ఏంటి, బొగ్గు పూస్తే ఏంటి? ఆర్డరు కాగితంలో రంగు దగ్గర నేనేం రాస్తానో తెలుసుగా?"

"ఏదైనా ఒకటే అని. తెలుసులే, నీ మేజోళ్ళు చూసినా తెలుస్తుంది," అని ఆమె పెరట్లో ఎండకు పెట్టిన మూత దగ్గరకు వెళ్ళింది.

ఒత్తోరీనో ఆగే రకం కాదు. ఒక అత్తరు దుకాణం వాళ్ళు వద్దని తిప్పిపంపిన మూత అటక మీద కనిపించింది. స్క్రూలు సరిపోయాయి. అంతకుమించి అతను చూడలేదు. బిగించి, కారులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మూత నిగనిగలాడే ఊదా రంగుది. అక్కడి నాటకాలవాళ్ళకు ఆ రంగు చస్తే పనికిరాదు. జేబురుమాలుగా ఉన్నా సరే, ఆట చెడుతుందంటారు. అలాంటి చోటికి దాన్ని తీసుకెళ్ళడమంటే పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమే.

"మడోన్నా తల్లీ! ఇంజనీరుగారూ, ఏంటండీ ఇది?" టికెట్లమ్మే ఇల్దెగార్ద కెవ్వుమంది.

"కంప్యూటరండీ."

"కాదు, దరిద్రం! ముందు ఇనుము పట్టుకోండి, లేకపోతే దోషం మనకే చుట్టుకుంటుంది!" అంటూ ఆమె తాళాలగుత్తి గట్టిగా పట్టుకుంది.

అప్పుడే మెడకు శాలువా చుట్టుకుని, సాయంత్రం ఆటలో పాడాల్సిన గాయకుడు కోర్రాదీని తన తల్లికి టికెట్టు కోసం వచ్చాడు. కిటికీలోకి చూశాడు. గొంతు పోయిందన్నాడు. ఆ మాట హాల్లో చివరి వరస దాకా వినిపించింది.

నాటకశాల పెద్ద సర్తొరెల్లి పరుగెత్తుకొచ్చాడు. "నా కొంప ముంచడానికి నీకు ఇవాళే దొరికిందటయ్యా? తీసెయ్!"

"తీస్తే టికెట్లెలా ఇస్తారండీ?"

పాత టికెట్టు పుస్తకాలను నిన్ననే చిత్తుకాగితాలవాడికి వేసేశారు. బయట జనం చౌరస్తా దాకా బారులు తీరారు.

"అయితే కప్పెయ్!"

"గాలాడదండీ, లోపల ఉడికిపోతుంది."

"ఉడకనీ! నా గాయకుడి కంట పడకపోతే చాలు."

పాత తెర ముక్కను నాలుగు మడతలు వేసి కప్పారు. అరగంటకల్లా రెండువందల పన్నెండో టికెట్టు దగ్గర యంత్రం ఆగింది, తెర కింద నుంచి పొగ లేచింది. బయట జనం గోల. ఎవరో ఫైరింజనుకు ఫోన్ చేశారు. దాంతో వచ్చిన దళం నాయకుడు ఆదివారాలు బృందగానంలో పాడతాడట. తెర అంచున ఊదా రంగు కనబడగానే గడప అవతలే ఆగిపోయి, నీళ్ళగొట్టపు ఇనుప మూతిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"చూశారా రంగు మహిమ!" అంది ఇల్దెగార్ద.

"రంగు కాదండీ బాబూ, గుడ్డ!" ఒత్తోరీనో తెర లాగేశాడు. పొగ తగ్గింది. అయినా ఎవరూ నమ్మలేదు. షెడ్డులో తనను నమ్ముకున్న ఐదుగురు పనివాళ్ళూ గుర్తొచ్చి అతనికి ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడు ఫియమ్మెత్తా మీగడరంగు మూతను చంకలో పెట్టుకుని దిగింది. నాలుగు స్క్రూలు విప్పింది, నాలుగు బిగించింది. చల్లబడిన యంత్రం రెండువందల పదమూడో టికెట్టు ఇచ్చింది. గాయకుడు కోర్రాదీని తొంగిచూసి, గొంతు తిరిగొచ్చిందన్నాడు. ఆ సాయంత్రం చప్పట్లు ఆగలేదు.

మర్నాడు పొద్దున సర్తొరెల్లి స్వయంగా షెడ్డుకొచ్చాడు. "జిల్లాలో అందరికీ కలిపి పదకొండు కావాలి. అన్నీ మీగడరంగువే."

"సంతోషమండీ. కానీ ఒక్క మాట వినండి, రంగుకీ యంత్రానికీ అసలు సంబంధమే..."

"ఇంకొకటి ఊదాది."

ఒత్తోరీనో నోరు తెరిచాడు. "నిన్న మీరేగా..."

"నాకు కాదయ్యా. పక్క జిల్లా నాటకశాలకు. వచ్చేనెల వాళ్ళకు మొదటి ఆట. బహుమతిగా పంపు. నా పేరు మాత్రం రాయకు."

ఒత్తోరీనో ఆర్డరు కాగితం తీశాడు. రంగు దగ్గర కలం ఆగింది.

"రాయన్నయ్యా, ఏదైనా ఒకటేగా," అంది ఫియమ్మెత్తా.

అతను 'ఊదా' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. ఎడమ చెయ్యి అప్పటికే కుర్చీ ఇనుప కోడు మీద ఉంది.