మోక్ బాబాయ్ పథ్యం

ఆ బుధవారం ఉదయం మోక్ బాబాయ్ ఒక చిన్న ద్రోహం చేయదలచుకున్నాడు. హాంకాంగ్‌లోని షామ్ షుయ్ పో పేటలో రోజూ వెళ్ళే వింగ్ హాప్ హోటలుకి డుమ్మా కొట్టి, ఎదురుగా కొత్తగా తెరిచిన హోటల్లో ఒక చిన్న వెదురు బుట్టెడు రొయ్యల కుడుములు తిని రావాలి. అంతే.

వింగ్ హాప్‌లో ఆయన పెళ్ళికి ముందు నుంచీ అదే బల్ల దగ్గర కూర్చుంటున్నాడు. భార్య పోయాక ఇంట్లో తిన్నావా అని అడిగే దిక్కు లేదు. ఆ బల్లే ఇల్లయింది. కానీ అక్కడ వంట చేసే కామ్ మాస్టర్‌కి వయసు మీద పడి, ఒకప్పుడు లోపలి రొయ్య గులాబీ రంగులో కనబడేంత పల్చగా ఉండే కుడుము పైపొర మందమైపోయింది. ఆ మాట మాస్టర్‌తో అనడానికి బాబాయ్‌కి నోరు రాలేదు. పల్చటి కుడుము మీద ఆశా చావలేదు.

అందుకే వడ్డించే లాన్ అక్కకి ముందురోజే చెప్పేశాడు. "రేపు రానమ్మా. డాక్టర్ దగ్గరికెళ్ళాలి."

"ఏమైంది బాబాయ్?"

"ఏం లేదు. కడుపులో కొంచెం..."

ఆ 'కొంచెం' పక్క బల్లకి చేరేసరికి గడ్డ అయింది, కిటికీ దగ్గరి బల్లకి చేరేసరికి ఆపరేషన్ అయింది. బుధవారం మధ్యాహ్నం లాన్, కామ్ మాస్టర్ కాచిన సూప్ పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళింది. "పొద్దుననగా పోయాడు, ఇంకా రాలేదు" అంది పొరుగావిడ. బాబాయ్ అప్పుడు రెండో బుట్ట కూడా ముగించి పార్కు బెంచీ మీద కునుకు తీస్తున్నాడు. ఆస్పత్రిలో ఉంచేసుకున్నారనుకుని లాన్ ఏడుస్తూ తిరిగొచ్చింది.

మర్నాడు బాబాయ్ మెట్లెక్కగానే హోటలంతా లేచి నిలబడింది.

"కొయ్యకుండానే పంపేశారా?" అని అడిగింది లాన్.

నిజం చెప్పబోయి బాబాయ్ మాట మార్చేశాడు. "మందులతో పోతుందన్నారు."

ఆయన ముందుకి చప్పటి బియ్యపు జావ వచ్చింది.

"మరి కుడుములు?"

"రొయ్య పడదు బాబాయ్. పెద్దబాతు పడదు. గొడ్డు మాంసం అసలే పడదు."

పథ్యం దగ్గర మా కాంటన్ వాళ్ళతో వాదించి గెలిచిన రోగిని నేనింతవరకు చూడలేదు. బాబాయ్ పక్కవాడి బుట్టలోకి చాప్‌స్టిక్స్ చాపితే, బల్ల చుట్టూ ఉన్న చాప్‌స్టిక్స్ అన్నీ అడ్డం లేచాయి. శుక్రవారమూ జావే. శనివారం ఇక తట్టుకోలేక ఎదురు హోటలుకి పారిపోయాడు.

"మోక్ బాబాయ్ మీరేనా?" అన్నాడు అక్కడి సర్వర్. "లాన్ అక్క వచ్చి చెప్పెళ్ళింది. ఈ వీధిలో ఎవరూ మీకు రొయ్య పెట్టరు. కూర్చోండి, జావ తెస్తా."

ఆదివారం వింగ్ హాప్ కిటకిటలాడుతున్నప్పుడు బాబాయ్ జావ గిన్నె పక్కకి నెట్టాడు. "నాకే జబ్బూ లేదు. ఆ రోజు డాక్టర్ దగ్గరికి పోలేదు. ఎదురు హోటల్‌కి పోయాను. కుడుముల కోసం."

లాన్ టీ కూజాని ఠప్పుమని బల్ల మీద పెట్టింది. "నేను ఏడ్చాను బాబాయ్."

బాబాయ్ తలెత్తలేకపోయాడు. ఈ కుర్చీ ఇక తనది కాదనుకుని లేవబోయాడు. కామ్ మాస్టర్ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి బయటికి వచ్చాడు.

"నాకు తెలుసు," అన్నాడు మాస్టర్. "ఆ రోజు అక్కడ నీ వెనక బల్ల దగ్గరే కూర్చున్నా."

హోటలంతా ఆయన వైపు తిరిగింది.

"ఏడాదిగా నువ్వు పైపొర వదిలేసి రొయ్య ఒక్కటే తింటున్నావు. నేను చూడలేదనుకున్నావా? వాళ్ళెలా చేస్తున్నారో చూద్దామని సూప్ పొయ్యి మీద పడేసి అక్కడికి వచ్చా."

"మరి ఇన్నాళ్ళూ జావ ఎందుకు పెట్టావు?"

"నీ సంగతి చెప్తే నా సంగతీ చెప్పాలిగా."

లాన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇంతకీ ఎలా ఉన్నాయక్కడ?"

"బాగున్నాయి," అన్నారు ఇద్దరూ ఒక్కసారే, ఆలోచించకుండా.

మర్నాడు లాన్ ఆ బల్ల దగ్గర మాస్టర్‌కీ ఒక కుర్చీ వేసి, రెండు గిన్నెల జావ పెట్టింది.