జాంబవతమ్మ సముద్రయానం

ఒక పెద్ద అడవిలో వానలు బాగా కురిసి, పళ్లు విరగకాసి, అందరికీ తీరిక ఎక్కువైపోయింది. తీరిక ఎక్కువైన చోటికి నక్క రాకుండా ఉంటుందా? కపటేశం అనే నక్క ఏటి రేవులో దుంగలన్నీ కలిపి కట్టి, పైన పందిరి వేసి, దానికి మహానౌక అని పేరు పెట్టాడు.

"రండి బాబూ రండి! ఏడు దీవులు, చివర్లో సముద్రం! తిండీ ఆటా పాటా అన్నీ టికెట్టులోనే! ఎక్కి కూర్చోవడం ఒక్కటే మీ వంతు!"

ఆ మాట వినగానే జాంబవతమ్మ అనే ఎలుగుబంటి గుండె గంతులేసింది. అవతలి ఒడ్డు కనబడని నీళ్లుంటాయని చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పింది. చెప్పిందే గానీ పాపం ఆవిడా చూడలేదు. తను మాత్రం చూడకుండా పోకూడదని జాంబవతమ్మ పంతం. వేసవంతా కూడబెట్టిన తేనె టికెట్టుకిచ్చేసి, అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది.

అడవిపంది వరహాలు ఎక్కీ ఎక్కగానే విస్తరి ముందు చతికిలబడ్డాడు. "టికెట్టు గిట్టాలి కదా వదినా!" అంటూ దుంపల మీద దుంపలు లాగిస్తున్నాడు. పంచాయతీలో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయిన తాబేలు కూర్మారావుగారు నాచు పరుపు మీద, ఉన్నంతలో కాళ్లు బారజాపారు.

"ఎడమవైపు చూడండి, పచ్చల దీవి!" అని అరిచాడు కపటేశం. ఒడ్డున పచ్చటి కొమ్మలు సర్రున వెనక్కి పోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. "ఇదిగో పూల దీవి!" పూలకొమ్మలు పోయాయి. మళ్లీ చప్పట్లు.

తర్వాతి దీవి దగ్గర జాంబవతమ్మ కంట ఒక తోక పడింది. దీవికి తోకేమిటి? కళ్లు నులుముకుని చూస్తే, కొమ్మలు నెత్తిన పెట్టుకుని కోతులు పరిగెడుతున్నాయి. వాటి వెనకాల కొండ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

"బాబాయిగారూ, ఆ కొండ కదలడం లేదేమిటండీ?"

"పిచ్చిదానా, మరీ వేగంగా పోతున్నాం కదా, అందుకని తెలీడం లేదు," అన్నారు కూర్మారావుగారు. వేగం గురించి ఆయనంతటివారు చెబితే కాదనేదెవరు?

అయినా మనసాగక జాంబవతమ్మ ఓడ వెనక్కి వెళ్లి చూసింది. లావుపాటి తీగతో ఓడని మద్దిచెట్టుకి కట్టేసి ఉంది. తెడ్లు వేసేవాళ్లు లేరు. అసలు తెడ్లే లేవు. ఆవిడకి ఏడుపొచ్చింది. తేనె పోయినందుక్కాదు, సముద్రం పోయినందుకు.

"అయ్యో, మనం బయల్దేరనే లేదు! రేవులోనే ఉన్నాం!"

"నెమ్మది వదినా, పనసతొనలు వడ్డిస్తున్నారు," అన్నాడు వరహాలు.

కూర్మారావుగారు మెడ మరికాస్త బయటికి చాపి గొంతు తగ్గించారు. "నాకు మొదటి దీవి దగ్గరే తెలుసమ్మా. ఏడు దీవులు చూసొచ్చామని అడవిలో చెప్పుకోవాలా వద్దా? నువ్విలా అరిస్తే రేపు ఏ మొహం పెట్టుకుని తిరుగుతాం?"

ఇంతలో కపటేశం ముంతతో పరిగెత్తుకొచ్చాడు. "పిన్నిగారూ, మీకోసం ప్రత్యేకం! సముద్ర దర్శనం!" అని ఆవిడ మొహం మీద ఉప్పునీళ్లు చిలకరించాడు. "అలల హోరు కూడా కావాలంటే చెప్పండి, అడవిదున్న చేత గురక పెట్టిస్తాను."

జాంబవతమ్మకి ఒళ్లు మండింది. ఒక్క అంగలో వెనక్కి పోయి తీగని పటుక్కున కొరికేసింది.

ఓడ గిర్రున తిరిగి వాలులో పడింది. తొనలు ఎగిరాయి, విస్తళ్లు ఎగిరాయి, వరహాలు ఎగిరి మళ్లీ తన విస్తట్లోనే పడ్డాడు. కూర్మారావుగారు డిప్పలోకి దూరి "నేను లేను, నేను లేను!" అని కేకలు పెట్టారు. కోతులు కొమ్మలతో సహా ఒడ్డంట వెంటపడ్డాయి. "అయ్యా, మీరు నిజంగానే పోతుంటే మేమెటు పరిగెత్తాలి?"

"ఆపండి! ఇది ప్యాకేజీలో లేదు!" అని కపటేశం పందిరిరాటని కావలించుకుని ఏడ్చాడు. జాంబవతమ్మ ఒక్కతే ముందు నిలబడి పగలబడి నవ్వుతోంది.

ఏరు నదిలో కలిసింది. నది వెడల్పయింది. ఒక మలుపు తిరిగేసరికి ఒడ్డులు రెండూ అయిపోయాయి. సముద్రం! ఒక పెద్ద అల ఓడని ఎత్తి ఇసక మీదికి విసిరేసింది. జాంబవతమ్మ నోరు తెరిచి చూస్తుంటే సముద్రమే ఆవిడ నోట్లోకి వచ్చింది.

"అమ్మమ్మా, అవతలి ఒడ్డు నిజంగానే లేదే!" అని నీళ్లలో దొర్లింది, గంతులేసింది, సంతోషం పట్టలేక భోరుమంది.

మిగతావాళ్లు కపటేశాన్ని నిలబెట్టి ఇసక మీద పంచాయతీ పెట్టారు. "టికెట్టు కొన్నవాళ్లని కదిలిస్తావా?" అన్నాడు వరహాలు. "ఇన్ని నీళ్లుంటాయని ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నారు కూర్మారావుగారు. తీర్పు ప్రకారం కపటేశం ఓడని భుజానికి కట్టుకుని ఎదురువాలులో అడవిదాకా ఈడ్చాడు. ఎక్కినవాళ్లు ఒక్కరూ దిగలేదు. జాంబవతమ్మ మాత్రం సముద్రాన్ని తనివితీరా చూసి, తీరిగ్గా నడిచి వచ్చింది.

ఆవిడ అడవి చేరేసరికి రేవులో కొత్త చాటింపు వినబడుతోంది. "ఈసారి వెంట్రుకవాసి కూడా కదలదని హామీ!" టికెట్లు అప్పటికే అయిపోయాయి. ముందు వరసలో వరహాలు, కూర్మారావుగారు. ఎలుగుబంట్లకి ప్రవేశం లేదని పక్కనే బోర్డు.

నీతి: విహారయాత్రకొచ్చినవాళ్లకి ఏం చూపించినా పరవాలేదు, సముద్రం ఒక్కటి తప్ప.